ముక్కోణపు ముక్క

శుక్రవారం పదకొండు గంటలకు ఆ ఎముక డాక్టర్ రమ బల్ల మీద ఉంది. ఒంటి గంటకు లేదు. ఈ రెండు సంగతులు తప్ప తక్కినదంతా ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతున్నారు.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, మొయినాబాద్‌లోని ఆ పన్నెండు పడకల ఎముకల దవాఖానలో, డాక్టర్ ఎదుటి కుర్చీలో కూర్చుని, డిటెక్టివ్ దేవదాస్ తన నోటుపుస్తకంలో ఇంకో లైను కొట్టేశాడు. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, చేవెళ్లలో విత్తనాల దుకాణం పై గదిలో సొంత బోర్డు పెట్టుకున్న మనిషి. అబద్ధం చెప్పేవాళ్ళంటే అతనికి కోపం లేదు. నిజం చెబుతూ కూడా టైము తప్పు చెప్పేవాళ్ళను చూస్తే మాత్రం తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

"సిస్టరేమో పన్నెండంటది. వాచ్‌మన్ పన్నెండున్నర అంటడు. మందుల దుకాణం ఆయన ఆ టైముకు నేను లేనే లేనంటడు. మీకున్న ఒక్క కెమెరా ఆయన గల్లా మీదికే తిరిగి ఉన్నది, అండ్ల ఆయనే కూసొని చాయ్ తాగుతున్నడు. మేడం, కనీసం మీరన్న ఒక్క టైము మీద నిలబడుండ్రి."

"నిలబడుతున్న," అంది రమ. నలభై ఏళ్ళ సర్జన్. తొందర మనిషి. "పదకొండుకు రౌండ్స్‌కు పోయేటప్పుడు చూసిన. ఒంటి గంటకు వచ్చిన. లేదు. కానీ దేవదాస్ గారూ, పోయింది ప్లాస్టిక్ ముక్క. దాని పని గురువారం ఆపరేషన్ తోటే అయిపోయింది."

"పని అయిపోయిన ముక్కను ఎవరు ఎత్తుకపోతరు మేడం? అదే నా బాధ."

మంగళవారం తెల్లవారుజామున సురంగల్ రైతు అంతయ్య ఊరి బయటి మలుపులో రోడ్డు పక్కన పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద ఏడు ముక్కలు. పక్కన అతని మోపెడ్. ఐదూ యాభైకి అంబులెన్సు వచ్చింది. ఆ దారిన ఐదున్నరకు ఒక టిప్పరు లారీ వేగంగా పోయిందని పాలాయన చెప్పాడు. శుక్రవారం మూడింటికి మొయినాబాద్ సీఐ ఉదయ్‌భాస్కర్ ఆ టిప్పరు డ్రైవరు నర్సింహులును పట్టుకున్నాడు. ఇరవై నాలుగు గంటల్లోపు కోర్టులో పెట్టాలి. అంటే ఈరోజు మూడింటికి. నర్సింహులు భార్య ప్రేమమ్మ నిన్న రాత్రి దేవదాస్ మెట్ల మీద కూర్చుని, 'మా ఆయన ఆ ముసలాయనను గుద్దలే, పిల్లల మీద ఒట్టేసి చెప్పిండు' అని ఒకే మాట గంటసేపు చెప్పింది. పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోను చేసింది.

గుద్దించుకున్న మనిషిని అడిగితే తేలిపోవాలి కదా. పొద్దున తొమ్మిదింటికి దేవదాస్ అతని మంచం దగ్గరే ఉన్నాడు. అంతయ్య గోడవైపు తిరిగి, "నాకేం యాదికి లేదు" అన్నాడు. ఐదు ప్రశ్నలు వేస్తే ఐదుసార్లూ అదే మాట, అదే స్వరం. మర్చిపోయిన మనిషి కాస్తయినా తడుముకుంటాడు. అంతయ్య ఒక్కసారి కూడా తడుముకోలేదు.

"ఆ ముక్కతోటి మీరేం చేసిన్రో మళ్ళీ ఒకసారి చెప్పుండ్రి. జర నాకు సమజయ్యేటట్టు," అన్నాడు దేవదాస్.

రమ సొరుగులోంచి వంకరగా ఉన్న ఒక స్టీలు పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. దానికి వరసగా రంధ్రాలున్నాయి. "స్కాన్ తీస్తే ఎముక లోపల ఎట్ల ఉన్నదో వందల ముక్కల బొమ్మలు వస్తయి. వాటిని కలిపి కంప్యూటర్ ఫైల్ చేస్తం. ఆ ఫైల్ పట్టుకొని చేవెళ్లల అరుణ్ అనే అబ్బాయి మిషన్ మీద ప్లాస్టిక్ ఎముక చేసిస్తడు. అచ్చం అంతయ్య ఎముకే, అదే సైజు, అవే పగుళ్ళు. ఆపరేషన్ టేబుల్ మీద కాలు కోసినంక, నెత్తురు కారుతుంటే, ఏ ముక్క ఎక్కడిదని వెతుక్కునుడు కష్టం. అందుకే ముందురోజే ఆ బొమ్మ మీద అంతా చేసి చూసుకుంట. ఇసొంటి ప్లేటునే దాని మీద పెట్టి వంచుకున్న. ఏ స్క్రూ ఎంత పొడుగో రాసుకున్న. మూడు గంటల ఆపరేషన్ గంటన్నరల అయిపోయింది."

"ఆ బొమ్మను ఎవరెవరికి చూపించిన్రు?"

"బుధవారం సాయంత్రం వాళ్ళింటోళ్ళకు. అంతయ్య భార్య ఎంకమ్మకు, ఊరోళ్ళు ఇద్దరికి. ఎక్స్‌రే చూపిస్తే ఎవరికి అర్థమైతది? బొమ్మ చేతికిస్తే అర్థమైతది. ఎంకమ్మ దాన్ని చీరకొంగుల పట్టుకుని చూసింది." రమ స్టీలు పట్టీని పక్కకు జరిపింది. "అప్పుడు నేనొక మాటన్న. అండ్ల ఒక పెద్ద ముక్క ముక్కోణంగా ఊడింది. నిలబడ్డ మనిషి కాలికి బండి తగిలితే ఎక్కువసార్లు గట్లనే విరుగుతది. ముక్కోణం వెడల్పు వైపు ఎటున్నదో దెబ్బ అటునుంచి తగిలినట్టు. ఈయనకు వెనక పిక్కవైపు ఉన్నది. 'పోలీసులు దీన్ని చూస్తే బండి ఎటునుంచి వచ్చిందో చెప్పొచ్చు' అన్న. మాటవరసకు."

"మాటవరసకు," అని దేవదాస్ నోటుపుస్తకం మూశాడు. "మరి శుక్రవారం పదకొండుకు, ఒంటి గంటకు మధ్యల ఈ గదికి వచ్చింది ఎవరు?"

"పదకొండూ నలభైకి సీఐ గారు. నేను లేకపోతే పది నిమిషాలు కూసొని పోయిండంట. తర్వాత ఎంకమ్మ సంతకం కోసం వచ్చిందంట. ఒక మందుల కంపెనీ అబ్బాయి. అంతే."

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. పేరు తలుచుకుంటే చాలన్నట్టు ఉదయ్‌భాస్కర్ లోపలికి వచ్చాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ఇస్త్రీ నలగని మనిషి. శిక్షణలో ఉన్నప్పుడు దేవదాస్ దగ్గరే పంచనామా రాయడం నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ ఇప్పుడు ఇష్టం లేదు.

"మేడం, గాయాల సర్టిఫికెట్ రెడీయా?" అని అడిగి, కుర్చీలో ఉన్న మనిషిని అప్పుడే చూసినట్టు నటించాడు. "దేవదాసన్నా. మీ డ్రైవర్ కోసమా? ఎందుకన్నా ఈ వయసుల పరేషాన్."

"నిన్న పదకొండూ నలభైకి ఈ గదిల పది నిమిషాలు ఏం చేసిన్రు సార్?"

"ఫ్యాన్ కింద కూసున్న."

"బల్ల మీద ఆ ప్లాస్టిక్ బొక్క ఉండెనా?"

"బొక్కలదవాఖానల బొక్కలుండవా? చూడలే." ఉదయ్‌భాస్కర్ మొహం గట్టిపడింది. "అంటే నేను ఎత్తుకపోయిన్నంటవా?"

"అడుగుతున్న. అడిగితే తప్పా?"

"నా పదేళ్ళ సర్వీసుల నన్నెవరూ దొంగతనం చేసినవా అని అడగలే. అదీ ప్లాస్టిక్ బొక్క దొంగతనం. అన్నా, డాక్టర్ మేడం దెబ్బ వెనకనుంచి తగిలిందంటున్నది. నా కేసుల లారీ కూడా వెనకనుంచే గుద్దింది. ఆ ముక్క ఉంటే నాకే ఫాయిద. నేనెందుకు తీస్త?"

దేవదాస్‌కు చిరాకు నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ మాట నిజం. తనకు అనుమానం ఉన్న ఒకే ఒక్క మనిషి, తనకన్నా ముందే ఆ అనుమానాన్ని చక్కగా కోసి పారేశాడు. లేచి నిలబడితే మోకాళ్ళు పటపటమన్నాయి. డాక్టర్ వాటివైపు చూసిన చూపు కూడా అతనికి నచ్చలేదు.

గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "మేడం, దెబ్బ తగిలిన చోటు నేల నుంచి ఎంత ఎత్తుల ఉన్నది?"

"నేను కొలవలే. నాకు ఎముక అతికించుడు కావాలె, ఎత్తెందుకు? కొలవాలంటే బొమ్మ ఉంటే ఒక్క నిమిషం. మడమ మందం మూడు ఇంచులు కలుపుకోండి, అంతే. ఆయన చెప్పుల్లేకుండ ఉన్నడు."

"చెప్పుల్లేకుండనా?"

"అంబులెన్సులనే వట్టికాళ్ళతోటి వచ్చిండు. పాదాలకు పేడ, మట్టి."

సీఐ అప్పటికే సర్టిఫికెట్ చదువుకుంటున్నాడు. దేవదాస్ మాత్రం ఆ మాటను రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. తెల్లారి ఐదింటికి మోపెడ్ వేసుకుని బయల్దేరిన రైతు చెప్పులెందుకు వేసుకోడు?

*

చేవెళ్లలో ఎరువుల దుకాణం పక్క షట్టరు అరుణ్‌ది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి రెండేళ్ళ కింద, రెండు వేల పదహారులో, రెండు మిషన్లు కొని ఇక్కడ పెట్టాడు. అరలో ఒకవైపు మోకిల వెంచర్ల వాళ్ళ కోసం చేసిన చిన్న చిన్న విల్లాలు, ఇంకోవైపు దవడలు, తుంటి ఎముకలు.

"ఇంకోటి చేసియ్యి. ఇప్పుడే కావాలె," అన్నాడు దేవదాస్.

"పద్నాలుగు గంటలు పడుతుంది సార్."

"నా దగ్గర నాలుగున్నర ఉన్నయి."

"మిషన్‌కు మీ తొందర తెల్వదు సార్. అది దారం లెక్క ప్లాస్టిక్ కరిగించి, పొర మీద పొర పోసుకుంట పోతది. తొందరపెడితే బొక్క రాదు, సేమియా వస్తది."

దేవదాస్ కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టాడు. ఈ కేసులో ప్రతివాడి దగ్గరా ఒక మంచి జవాబు ఉంది, తనకు పనికొచ్చే జవాబు ఒక్కడి దగ్గరా లేదు. "డాక్టర్‌కు ఎప్పుడిచ్చినవ్?"

"బుధవారం పొద్దున రావాల్సింది. సాయంత్రం నాలుగింటికి ఇచ్చిన. మేడం మస్తు కోపం చేసింది. కరెంటు పోయింది సార్, నేనేం చేయాలె? మంగళవారం సాయంత్రం మొదలుపెట్టిన. పైన మోకాలు ఒక్కటే మిగిలింది, అప్పుడు పోయింది కరెంటు. మిషన్ ఆగితే అంతే, మళ్ళీ మొదటినుంచి. రెండు మిషన్ల మీద మోకాలు ఒకదాని మీద, పిక్క ఒకదాని మీద విడివిడిగా పోసి, అతికించి ఇచ్చిన."

దేవదాస్ కళ్ళు తెరిచాడు. "ఆ ఆగిపోయింది ఏం చేసినవ్?"

"ఏం చేస్త? పారేసేది."

"పారేసినవా?"

అరుణ్ బల్ల కింద ఉన్న అట్టపెట్టెలో చెయ్యి పెట్టి కెలికాడు. విరిగిన కప్పులు, సగం ఏనుగు, తల లేని ట్రోఫీలు బయటికి వచ్చాయి. చివరికి తెల్లటి ఎముక ఒకటి తీశాడు. చీలమండ నుంచి పైకి నిండుగా ఉంది. పైన నాలుగు వేళ్ళంత లేదు, అక్కడ కోసిన మొక్కజొన్న కండెలా గళ్ళుగళ్ళుగా ఉంది. ఆ గళ్ళకు కొంచెం కిందనే, వెనకవైపు, పగుళ్ళ మధ్య ఒక ముక్కోణం స్పష్టంగా కనబడుతోంది. డాక్టర్ చెప్పినట్టే వెడల్పు పిక్కవైపు, మొన ముందుకు.

దేవదాస్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. చేతిలో ఏమీ బరువు లేదు. అయినా ఒక మనిషి కాలు పట్టుకున్నట్టే అనిపించి, ఊరికే ఒకసారి బొటనవేలితో ఆ ముక్కోణం అంచు తడిమాడు.

"ఇందాక అడిగినప్పుడే ఇది ఉన్నదని చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"మీరు ఇంకోటి చేసియ్యమన్నరు సార్. ఉన్నదా అని అడగలే."

*

స్టేషను ఆవరణలో టిప్పరు, దాని పక్కన మోపెడ్ నిలబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నర. లాకప్ కిటికీ ఊచల వెనక నర్సింహులు నిలబడి చూస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, రెండు రోజుల గడ్డం. దేవదాస్ చెయ్యెత్తి ధైర్యం చెప్పాడు. నర్సింహులు తల తిప్పుకున్నాడు.

"బీరయ్యా, ఆ టేపు పట్టు," అన్నాడు దేవదాస్ అక్కడున్న కానిస్టేబులుతో. పాత పరిచయం కొద్దీ బీరయ్య సీఐ వైపు చూడకుండానే టేపు పట్టాడు.

మూడు ఇంచుల చెక్కముక్క నేల మీద పెట్టి, దాని మీద ఎముకను నిలబెట్టి, టిప్పరు బంపరు దగ్గరికి జరిపాడు. కొలత అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. ఎముక పైకొస, బంపరు కింద చీకట్లో ఉంది. ఒక చెయ్యి వాటి మధ్యలోంచి హాయిగా దూరుతుంది.

"ముక్కోణం నడిమి పదిహేను ఇంచులు సార్," అన్నాడు బీరయ్య. "బంపర్ కింది అంచు ఇరవై ఏడు."

"నర్సింహులు లారీ గుద్దితే తొడ విరగాలె, పిక్క కాదు," అన్నాడు దేవదాస్.

ఉదయ్‌భాస్కర్ వంగి చూశాడు. లేచాడు. "బ్రేకేస్తే ముందు భాగం కిందికి దిగుతది."

"ఒక అడుగు దిగుతదా? లారీయా, గుర్రమా అది?"

"మరి బంపర్ కొసకు ఈ సొట్ట ఎక్కడిది? కడిగిండు. కడిగినా ఎర్ర మరక పోలే. అడిగితే నత్తి నత్తిగా మాట్లాడుతడు. తప్పు చెయ్యనోడు గట్ల వణుకుతడా?"

"లాకప్‌ల ఎవరైనా వణుకుతరు సార్. ఆ సొట్ట గురించి నాకు తెల్వదు. నా చేతిల ఉన్నది అంతయ్య బొక్క. దీన్ని మీ లారీ ముట్టలే." దేవదాస్ మోపెడ్ దగ్గరికి నడిచాడు. ట్యాంకు కింద వేలు పెట్టాడు. "పెట్రోల్ నల్లా బందున్నది. మీ వాళ్ళు మూసిన్రా?"

సీఐ బీరయ్య వైపు చూశాడు. బీరయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆటోల ఏసుకొచ్చినం సార్. ముట్టలే."

"నల్లా బందు పెట్టి ఎవరూ బండి నడపరు. దీన్ని ఎవరో నూకుకుంట తెచ్చి ఆడ పడేసిన్రు. అంతయ్య దీని మీద రాలే. వట్టికాళ్ళతోటి, పాదాలకు పేడతోటి ఉన్నడు. ఆయన కాలు రోడ్డు మీద విరగలే సార్. ఇంట్ల విరిగింది."

ఉదయ్‌భాస్కర్ మోపెడ్ దగ్గరికి వచ్చి ఆ నల్లాను తనే ఒకసారి చూసుకున్నాడు. అది దేవదాస్‌కు గెలుపులా అనిపించాల్సింది, కానీ సీఐ మొహంలో ఓటమి కన్నా కోపమే ఎక్కువ ఉంది.

"ఈ మాటలన్నీ ఆ ఎంకమ్మ ముందర చెప్పు. లారీయే గుద్దిందా అని నేను గురువారం అడిగితే తలూపింది. నేను కూడా వస్త. నీ మాట తప్పయితే, మూడింటికి డ్రైవర్ కోర్టుల ఉంటడు, నువ్వు మళ్ళీ నా స్టేషన్ గడప తొక్కొద్దు."

"తొక్కాలని నాకేమన్న సరదానా?" అన్నాడు దేవదాస్.

*

సురంగల్‌లో అంతయ్య ఇంటి ముందు గులాబీల ఖాళీ క్రేట్లు పేర్చి ఉన్నాయి. ప్రహరీ లోపల, గేటువైపు ముందు భాగం పెట్టి ఒక చిన్న కారు. దాని మీద నీలం టార్పాలిన్. పాత కారే కానీ నంబరు ప్లేటుకు కొత్త పూలదండ ఎండిపోయి వేలాడుతోంది. కూతురు అశ్విని ఆఫీసుకు పోవడానికి పోయిన నెలే కొన్నారని దారిలో సీఐ చెప్పాడు.

దేవదాస్ వాకిలంతా ఒకసారి కలియజూశాడు. పేడనీళ్ళు చల్లిన నేల అంతటా పాతదే, పగుళ్ళు విచ్చింది. కారు వెనకాల మాత్రం ఒక చాపంత మేర పచ్చగా, దట్టంగా, రెండుమూడుసార్లు అలికినట్టు ఉంది. అలుకులో నలిగిన గులాబీ రేకులు అంటుకుపోయి ఉన్నాయి. అతను టార్పాలిన్ కొస ఎత్తి, చెక్కముక్క పెట్టి, ఎముకను వెనక బంపరుకు ఆనించాడు. ముక్కోణం బంపరు అంచున సరిగ్గా కూర్చుంది.

ఉదయ్‌భాస్కర్ అది చూశాడు.

లోపలినుంచి టిఫిను గిన్నె పట్టుకుని ఎంకమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. దవాఖానకు బయల్దేరుతున్నట్టుంది. ముందు సీఐ యూనిఫారం చూసింది. తర్వాత దేవదాస్ చేతిలో ఉన్నది చూసింది. గిన్నె మెల్లగా అరుగు మీద పెట్టింది.

"అది నీకెట్ల దొరికె సారూ?" అంది. "బియ్యం డ్రమ్ముల అడుగున పెట్టి మూత బిగిచ్చిన గదా."

ఆ తర్వాత తను ఏమన్నదో తనకే వినబడినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పొద్దున్నుంచి ఎనిమిది మందిని అడిగాడు. అందరూ తిప్పారు, చుట్టారు, మర్చిపోయారు. అడగని ప్రశ్నకు జవాబు మాత్రం తనంత తాను వచ్చి వాకిట్లో నిలబడింది. దేవదాస్‌కు నవ్వు రాలేదు. "ఇది అది కాదు ఎంకమ్మా. ఇంకోటి. మిషన్ మీద ఎన్నంటే అన్ని చేస్తరు."

"ఎన్నంటే అన్నా?" ఆమె అరుగు మీద కూలబడింది. "డాక్టరమ్మ గది నుంచి కడుపుల పెట్టుకొని తెచ్చిన. ఒక్కటే ఉంటదనుకున్న. మనిషికి బొక్క ఒక్కటే ఉంటది గదా."

"పిల్లను కాపాడుకోవాలని తీసినవ్. తెల్లారి కారు వెనకకు తీస్తుంటే తండ్రి వెనక ఉన్నడు, చూసుకోలే. అంతేనా? అశ్విని ఏడ ఉన్నది?"

ఎంకమ్మ తలెత్తింది. కళ్ళలో భయం పోయి ఇంకేదో వచ్చింది.

"పిల్ల పేరు ఎత్తకుండ్రి. పిల్ల నిద్రల ఉండె. కారు నేను నడిపిన."

"నువ్వా?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"నేనే. ఎందుకు, నడపొద్దా? పిల్ల ఆదివారం ఆదివారం నేర్పిస్తున్నది. ఎన్ని ఏండ్లు గుడిమల్కాపూర్ మార్కెటుకు ఆటోలు బతిమాలాలె, పువ్వులు వాడిపోతుంటే? నేనే ఏసుకపోత అన్న. ఆ దినం క్రేట్లు ఎక్కిద్దామని జర ముందటికి తీద్దామనుకున్న. ముందటికని వెనకకేసిన. ఆయన క్రేటు ఎత్తుకుంట అటు తిరిగి ఉండె." ఆమె చెయ్యి గాలిలో గేరు మార్చినట్టు కదిలి ఆగిపోయింది. "బొక్క ఇరిగిన సప్పుడు నాకు లోపలికి ఇనొచ్చింది సారూ."

ఆమే మళ్ళీ చెప్పింది. తను అరిచి ఊరును లేపబోతుంటే అంతయ్యే నోరు మూయించాడట. కారు కూతురి పేరు మీద ఉంది, నడిపిన ఎంకమ్మకు లైసెన్సు లేదు. పోలీసు కేసయితే కొత్త ఉద్యోగంలో పిల్ల గురించి విచారిస్తారు, తీసేస్తారు. రోడ్డు మీద పడుకోబెట్టు, మోపెడ్ మీదనుంచి పడ్డానని చెబుతా అన్నాడట.

"ఆయనను కార్ల ఎవరెక్కించిన్రు?" అడిగాడు దేవదాస్.

"నేనే. మొదటి గేరుల మలుపు దాకా నేనే నడిపిన. ఆయన పండ్లు కొరుక్కుంట, క్లచ్ తొక్కు, మెల్లగ ఇడువు అని చెప్తుంటే. ఆ ఒక్కసారే బండి ఆగకుంట నడిచింది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళొచ్చి మోపెడ్ నూకుకుంట పోయిన. నాకది నడపరాదు. పిల్ల లేచేసరికి వాకిలి అలికిన."

"మరి ఆ డ్రైవర్?" సీఐ గొంతు కటువుగా ఉంది. "లారీయే గుద్దిందా అని అడిగితే తలూపినవ్. నర్సింహులుకు ఇద్దరు పిల్లలు."

"మీరే లారీ అన్నరు సారూ. పడ్డడని చెప్దామనుకుంటే మీరే లారీ లారీ అంటిరి. తలూపిన. ఊపిన కాడినుంచి అన్నం తినలే." ఆమె లేచి చీర సర్దుకుంది. "ఏడికి రావాలె చెప్పుండ్రి. అందరి ముందర చెప్త. ఈ గిన్నె మాత్రం ఆయనకు అందియ్యాలె. పొద్దున్నుంచి ఏం తినలే."

దేవదాస్ ఎముకను సంచిలో పెట్టుకున్నాడు. కేసు తేలింది. అయినా ఒంట్లో ఎక్కడా తేలికగా లేదు. భార్యను కాపాడే భర్త, బిడ్డను కాపాడే తల్లి, పట్టుకున్న మనిషిని వదలలేని సీఐ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మంగళవారమే నోరు విప్పి ఉంటే ఇన్ని రోజులు, ఇంత పెట్రోలు, ఇంత అబద్ధం ఖర్చయ్యేవి కావు. "ఒంటి గంటా నలభై," అన్నాడు సీఐతో. "మూడింటికి ముందే నర్సింహులును ఇంటికి పంపుండ్రి."

ఉదయ్‌భాస్కర్ జవాబు చెప్పేలోపు అతని ఫోను మోగింది. స్టేషను నుంచి బీరయ్య. ఒక నిమిషం విన్నాడు. అతని ముఖంలోకి మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"అన్నా, నీ నర్సింహులు ఒప్పుకున్నడు. గుద్దిన్నని. ఎవరూ చెయ్యి కూడా వెయ్యలే. నువ్వు లారీ కొలిచినకాడి నుంచి ఏడుస్తనే ఉన్నడంట."

"ఎట్ల ఒప్పుకుంటడు? ఇప్పుడే గదా ఈమె..." దేవదాస్ ఫోను లాక్కున్నాడు. "బీరయ్యా, సరిగ్గ చెప్పు. ఎవరిని గుద్దిన్నంటున్నడు?"

"ముసలాయనను కాదంట సార్." బీరయ్య గొంతు తగ్గించాడు. "అందుకే ముసలాయనను గుద్దలేదని పిల్లల మీద ఒట్టేసిన్నంటున్నడు. మంగళవారమే, ఐదింటికి ముందు, మోకిల దాటినంక. స్కూటీ మీద ఒక ఆడపిల్ల. బండితోటి సహా రోడ్డు కింద తుప్పల్లకు పడ్డదంట. భయపడి ఆగకుండ వచ్చిన్నంటున్నడు. ఎవరూ చూడలేదంట."

దేవదాస్ చేతిలోంచి ఫోను ఉదయ్‌భాస్కర్ తీసుకున్నాడు. సీఐ మొహంలోని వెలుగు పూర్తిగా ఆరిపోయింది. "మోకిల స్టేషనుకు అడుగు. మంగళవారం తర్వాత మిస్సింగ్ ఏమన్న రాసిన్రా?"

అవతల కాగితాల చప్పుడు. ఇంకో ఫోను మోగింది. ఎవరో ఎవరితోనో మాట్లాడారు. ఎంకమ్మ టిఫిను గిన్నె పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"బుధవారం ఒకటి రాసిన్రు సార్," అన్నాడు బీరయ్య. "పంతొమ్మిదేండ్ల పిల్ల. తెల్లవారుజామున ఆఫీసు క్యాబ్ ఎక్కుతనని స్కూటీ మీద బయల్దేరిందంట. ఎవరితోటో పోయి ఉంటదని పక్కన పెట్టిన్రు."

మంగళ, బుధ, గురు, శుక్ర. దేవదాస్ వేళ్ళు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఉదయ్‌భాస్కర్ జీపు వైపు పరుగెత్తాడు. మోకాళ్ళ సంగతి మర్చిపోయి దేవదాస్ అతనికన్నా ముందే ఎక్కి కూర్చున్నాడు. ఆ పిల్ల ఇంకా బతికి ఉందా అనే ప్రశ్న మోకిల దాకా ఇద్దరిలో ఒక్కరూ పైకి అడగలేదు.